షూటింగ్‌లో ఉన్న కాఫీ ఫిల్టర్

ఒక ప్లగ్గు కోసం ఇంత రాద్ధాంతమా అని అత్తయ్యగారు లోపల అనుకుంటూనే ఉంటారని తెలుసు, కాని వంటింటి గట్టు మీద ఉన్నవి మూడే పాయింట్లు, ఫ్రిజ్‌కి ఒకటి, మంచినీళ్ళ యంత్రానికి ఒకటి, మూడోదాని పక్కన నేను ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి కాగితం అంటించాను, దీన్ని తీయవద్దు అని, ఆ కాగితం మీద ఇప్పుడు కొబ్బరి అంటిన చేతి అచ్చు పడి ఉంది, అంటే కాగితాన్ని పక్కకు జరిపి మరీ పీకారన్నమాట, అదేంటి అత్తయ్యా మళ్ళీ తీసేశారా అంటే, పచ్చడి రుబ్బుకోవద్దా అమ్మాయ్, మనిషి భోజనానికి వస్తున్నాడు, మిక్సీని నెత్తిన పెట్టుకుని తిప్పమంటావా అన్నారు, హాల్లో ఖాళీ పాయింట్లు ఉన్నాయిగా అన్నాను, హాల్లో ఎవరైనా పచ్చడి రుబ్బుతారా, మీ పుట్టింట్లో రుబ్బేవాళ్ళేమో నాకు తెలీదు అన్నారు, మధ్యలో మా పుట్టిల్లు ఎందుకు వచ్చిందో ఆ మిక్సీకే తెలియాలి, మా పుట్టింట్లో రోలు ఉండేది, దానికి ప్లగ్గు లేదు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కాని ఆదివారం పొద్దున్నే ఎందుకులే అని కొత్తిమీర తుంచుతూ ఊరుకున్నాను, ఆవిడే మళ్ళీ, రెండు నిమిషాలు కరెంటు లేకపోతే ఆ డబ్బాకేమన్నా శోష వస్తుందా, ఇదిగో పెట్టేశాను చూసుకో, అని ప్లగ్గు ఠపీమని గుచ్చారు, డబ్బా మీది పచ్చదీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగి నిలబడింది, పచ్చడి మాత్రం బాగా కుదిరింది, రుచి చూసి ఒప్పుకోక తప్పలేదు, ఉప్పు అర చిటికెడు తక్కువ, అదీ చెప్పలేదు.

ఆ డబ్బా అంటే అగరొత్తుల పెట్టె అంత కంప్యూటరు, దాని మీద నడిచేది ఒక తేలికపాటి వెబ్ సర్వరు, పెద్ద కంపెనీలవి గదులకు గదులు ఆక్రమిస్తాయట, నాది ఇంగువ సీసాకీ ఆవాల డబ్బాకీ మధ్య ఒదిగి కూర్చుంటుంది, వంటింట్లోనే ఎందుకు పెట్టానంటే నేను ఉండేది అక్కడే కనుక, కింద అంతస్తంతా మా గోడౌను, సినిమాల్లో ఇళ్ళు ఇళ్ళలా కనిపించడానికి కావలసిన సామానంతా అందులో ఉంటుంది, పందిరిమంచాలు, ట్రంకుపెట్టెలు, వాల్వుల రేడియోలు, గోడగడియారాలు, మడత కుర్చీలు, ఫిల్మ్ నగర్‌లో ఏ సెట్టు వేసినా అందులో ఒక్క ముక్కాలిపీట అయినా మనదే అంటారు మా ఆయన వరప్రసాద్‌గారు, అందులో సగం కొట్టేసినా మిగతా సగం నిజమే, ఆర్ట్ డైరెక్టర్లు పొద్దున్నే ఫోన్లు చేసి ఆ మంచం ఉందా ఈ రేడియో ఉందా అని అడుగుతుంటే ఆయన టిఫిను చల్లారిపోయేది, అది చూడలేకే ఈ పేజీ తయారుచేశాను, ఏలూరులో బీయస్సీ కంప్యూటర్స్ చదివింది ఎక్కడికి పోతుంది, పేజీలో ఒక్కో వస్తువు ఫొటో కింద ఒక ఖాళీ, ఆ ఖాళీలో స్క్రిప్టు ఇమిడి ఉంటుంది, ఎవరైనా పేజీ అడిగితే సర్వరు ముందు ఆ స్క్రిప్టును తాను చదువుకుంటుంది, ఇవాళ తారీఖు చూస్తుంది, మంచం ఎవరి దగ్గరుందో ఎప్పుడు తిరిగొస్తుందో చూస్తుంది, ఉంది అనో, షూటింగ్‌లో ఉంది అనో ఒక్క ముక్క ఆ ఖాళీలో వేసి పంపుతుంది, అడిగినవాళ్ళకు ఆ ఒక్క ముక్కే కనిపిస్తుంది, దాని వెనక జరిగింది కనిపించదు, అందులో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది, వరుస ముందు రెండు వాలుగీతలు గీసి ఏం రాసినా సర్వరు దాన్ని పట్టించుకోదు, బయటికి పంపదు, అది రాసినవాళ్ళు తమకోసం రాసుకునే మాట, అందుకే అక్కడ నాకు తోచినవన్నీ రాసుకుంటూ వచ్చాను, ఏ వస్తువు ఎలాంటి ఇంటికి నప్పుతుంది, ఏది ఏ కాలానిది, ఎవరి చేతికి ఏది ఇవ్వకూడదు, ఇంట్లో ఎవరూ అడగని సంగతులు, అడిగితే నేనూ చెప్పని సంగతులు.

ఆ పేజీకి ఇవాళే ఆఖరు రోజు, అది తలచుకుంటే చేతిలో వంకాయకు గాట్లు వంకరగా పడుతున్నాయి, భోజనానికి వస్తున్నది సుహాస్, మా ఆయన బాబాయిగారబ్బాయి, బంజారా హిల్స్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసు, గుత్తివంకాయ అంటే ప్రాణం, పేజీ అంతా కొత్తగా చేసి అతని ఆఫీసువాళ్ళే చూసుకుంటారట, నల్లటి నేల మీద బంగారు అక్షరాలు, మంచం మీద వేలు పెడితే మంచం గిర్రున తిరుగుతుందట, మంచం ఎందుకు తిరగాలో నాకు అర్థం కాలేదు, వారం కిందట ఆయన పడక్కుర్చీలో కూర్చుని, నీదీ బానే ఉంది సుధా, కాదనను, కాని తెల్ల కాగితం మీద లాండ్రీ చీటీలా ఉంది, నలుగురిలో చూపించుకోవాలి కదా, ఏమంటావు అని అడిగారు, నేను మీ ఇష్టం అన్నాను, మీ ఇష్టం అంటే ఏమిటో పెళ్ళయిన కొత్తలో ఆయనకు తెలిసినట్టే ఉండేది, పోనుపోను అది ఒప్పుకోవడం కింద జమ అయిపోయింది, తప్పు ఆయనదనీ అనలేను, వినపడింది అదే కదా, మూలమూలలా నేను తుడిచి పెట్టుకున్న పేజీ, ఏ వరుస ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను, మధ్యాహ్నం పెరుగన్నం దాకా వచ్చేసరికి అది నాది కాదు, సరే, జీడిపప్పు నూనెలో వేశాను, రంగు తిరుగుతోంది, మాడితే అసలే బాగుండదు.

అమ్మా అని గీతిక అరిచింది, ఆ అరుపు బల్లిని చూసినప్పటిది కాదు, మార్కులప్పటిది కాదు, ఇంటర్ చదివే పిల్ల ఆదివారం తొమ్మిదింటికి తనంతట తాను లేచి వచ్చిందంటేనే ఏదో అయిందని అర్థం, ఫోను కళ్ళ ముందు పట్టుకుని నవ్వాపుకోలేక గుమ్మం పట్టుకుని నిలబడి, అమ్మా నీ పేజీ చూడు, ఏదేదో వస్తోంది, ఫొటోల మధ్యలో అంతా బ్రాకెట్లూ సున్నలూ, ఇదిగో విను, ఓంప్రకాష్‌గారికి గాజు సామాను ఇవ్వరాదు, ఇస్తే లెక్కకు అన్నీ తిరిగొస్తాయి కాని ఒక్కొక్కటి రెండేసి ముక్కలుగా వస్తాయి, ఇది నువ్వే రాశావా అమ్మా అంది, గరిటెతోనే వెళ్ళి ఫోనులోకి తొంగిచూశాను, సర్వరు స్క్రిప్టును చదువుకోకుండా, పుట్టింటివాళ్ళ ముందు ఇంటిగుట్టు విప్పినట్టు ఉన్నదున్నట్టు బయటికి పంపేస్తోంది, నా వాలుగీతల మాటలతో సహా, ఊరందరికీ, ఇంకా చదువుతోంది పిల్ల, అత్తయ్యగారు చెవులు రిక్కించారు, ఈ ట్రంకుపెట్టె మీద పేరు చెరపవద్దు, రైల్వే గార్డు ఇంటికి తప్ప ఇంకెవరికీ నప్పదు, ఈ మంచం ఎక్కితే కిర్రుమంటుంది, ప్రేమ సీన్లకు వద్దు, దొంగ వచ్చే సీనుకు బంగారం, ఈ ప్లాస్టిక్ బిందె తొంభైలకు ముందు కథల్లో పెడితే చూసే ఆడవాళ్ళు నవ్వుతారు, మా అత్తయ్యగారి కాఫీ ఫిల్టరు, గీతికా చాలు ఆపు అన్నాను, ఆపలేదు, అత్తయ్యగారి కాఫీ ఫిల్టరు, ఆయన ఫొటో తీసి పెట్టారు, నన్ను అడగలేదు, ఎవరు ఎప్పుడు అడిగినా షూటింగ్‌లో ఉంది అనే చూపాలి, తారీఖు చూడనక్కరలేదు, దాన్ని ఇంకొకరి చేతిలో చూస్తే ఆవిడకు ఆ పూట అన్నం సయించదు, అత్తయ్యగారు పచ్చడి గిన్నె మీద మూత సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నారు, నేను జీడిపప్పు దించేశాను, మాడలేదు, అదొక్కటే దక్కింది.

బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని సర్వరుకు నేను రాసిచ్చిన ఆదేశాల ఫైలు తెరిచాను, చింతపండు చేతుల్తో మీటలు నొక్కితే జిగురు, ఎక్కడ ఎక్కడ అనుకుంటూ కిందికి దిగితే అదిగో దొరికింది, పేజీల్లో స్క్రిప్టు వెతికి నడిపించు అని చెప్పే వరుస, దాని ముందు నా చేత్తో నేనే పెట్టిన చిన్న గడి గుర్తు, హ్యాష్ అంటారు, ఆ గుర్తుంటే సర్వరు ఆ వరుసను లేనట్టే చూస్తుంది, నిన్న కొత్తగా ఇంకో వరుస రాసి చూద్దామని పాతదానికి గుర్తు పెట్టాను, ఇంతలో గ్యాస్ బండ వచ్చింది, బండ వచ్చాక రసీదు, రసీదు తర్వాత పాలు, అటునుంచి అటే మరిచిపోయాను, నిన్నంతా ఏమీ కాలేదెందుకంటే సర్వరు ఆ ఆదేశాలు లేచినప్పుడు ఒక్కసారే చదువుకుంటుంది, పడుకుని లేస్తే తప్ప మళ్ళీ చూడదు, దాన్ని పడుకోబెట్టి లేపింది అత్తయ్యగారి కొబ్బరి పచ్చడి, అంటే తప్పు నాది, బయటపెట్టింది ఆవిడ, మా ఇద్దరి కాపురం మొత్తం ఇంతే అనిపించి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఫోను మోగింది, తెర మీద ఓంప్రకాష్ ప్రొడక్షన్ మేనేజర్ అని పడింది, ఎత్తకపోతే పిరికితనం, ఎత్తితే ఏం చెప్పాలి, ఎత్తాను, నమస్తే వదినమ్మా, ఏంది గిట్ల రాసినవ్ నా మీద, అన్నాడు, క్షమించండి అన్నయ్యగారూ అది బయటికి రావలసింది కాదు అంటుంటే, అరే జర ఆగు, తప్పేం రాసినవ్, రెండు ముక్కలు అన్నవ్, మొన్న ఆ లాంతరు చిమ్నీ ఏడు ముక్కలైంది, నువ్వు తక్కువే చెప్పినవ్, మా ఆఫీసుల అందరు చదువుకుంట నవ్వుతుండ్రు, గది కాదు ముచ్చట, ఆ కిర్రుమనే మంచం నాకు కావాలె, కామెడీ సీనుంది, మామ లేవకుండ అల్లుడు మంచం దిగాలె, మా సౌండాయన అవే చప్పుళ్ళు దేవులాడుతుండు, ఉన్నదా లేదా, ఉంది అన్నాను, మరి గాజు సామాను అన్నాను ఎందుకో, వద్దు వదినమ్మా నాకు గాజే వద్దు, ఫికర్ చెయ్యకు, స్టీలు ఇయ్యి, అని పెట్టేశాడు.

గుర్తు తీసేశాను, సర్వరును ఈసారి మర్యాదగా పడుకోబెట్టి లేపాను, పేజీ ఎప్పట్లాగే తెల్లగా ఒబ్బిడిగా వచ్చింది, ఉంది, ఉంది, షూటింగ్‌లో ఉంది, లాండ్రీ చీటీయే, కాదనలేను, అమ్మయ్య అనుకోవాలి, అనుకున్నాను కూడా, కాని బిగించి కట్టిన తల ముడి ఒక్క క్షణం వదులై మళ్ళీ బిగిసినట్టు ఎక్కడో కొంచెం లాగింది, ఎందుకో తేల్చుకునేలోపే మళ్ళీ ఫోను, కొత్త నంబరు, నా పేరు రష్మి అండీ, ఆర్ట్ డైరెక్టర్ని, మీ పేజీ చదువుతూ టీ చల్లార్చుకున్నాను, ఇప్పుడు చూస్తే అంతా మాయమైంది, ఏమైంది, అంది, చిన్న పొరపాటండీ సరిచేశాను అన్నాను, అయ్యో ఎందుకు సరిచేశారు అంది, నిజంగా బాధపడుతోంది ఆ అమ్మాయి, ఎనభైల్లో కథ చేస్తున్నాను, కాజీపేట రైల్వే క్వార్టరు, సామాను ఎక్కడైనా దొరుకుతుందండీ, ఏది ఏ ఇంట్లో ఉంటుందో చెప్పేవాళ్ళే దొరకరు, గార్డుగారి ట్రంకుపెట్టె గురించి మీరు రాసిన వరుస మా డైరెక్టర్‌గారికి చదివి వినిపించాను, అది రాసిందెవరు అన్నారు, మీ గోడౌన్లో ఎవరండీ రాసేది, అంది, ఎవరు రాస్తారు, గోడౌన్లో ఎవరూ రాయరు, పైన వంటింట్లో రాస్తారు, నేనేనండీ అన్నాను, ఆ మాట అనడానికి గొంతు ఎందుకు సవరించుకోవలసి వచ్చిందో, అయితే రేపు వస్తానండీ, ఒక ఇల్లు మొత్తం మీతో కలిసి సర్దాలి, ఆ మాటలు మళ్ళీ పేజీలో పెట్టరూ, పేరు కూడా లేకుండా ఎందుకు దాచారు, అంది, దాచలేదండీ, అది ఎవరికోసమూ కాదు అనుకున్నాను, అంతే, రేపు రండి అన్నాను, పప్పులో తాలింపు వేశాను, ఇంగువ వాసన ఇల్లంతా లేచింది.

సుహాస్ వచ్చాడు, వస్తూనే వదినా పొద్దున నీ సోర్స్ కోడ్ మొత్తం పబ్లిక్ అయిపోయింది తెలుసా, చాలా సీరియస్ సెక్యూరిటీ ఇష్యూ, అన్నాడు చెప్పులు విప్పుతూ, నిజమే, అతను చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, ఇలాంటిది ఇంకోసారి జరగకూడదు, తెలుసు బాబూ అన్నాను, కంచాలు పెట్టాను, మా ఆయన కింద ఎవరికో కుర్చీలు లెక్కజెప్పి పైకొచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నారు, గీతిక నన్నూ నాయనమ్మనూ మార్చి మార్చి చూస్తోంది, సినిమా చూస్తున్నట్టే, వంకాయ వడ్డించాను, కొబ్బరి పచ్చడి వడ్డించాను, పొద్దున చదివిందంతా గీతిక అప్పటికే చెప్పేసినట్టుంది, మా ఆయన మొదటి ముద్ద కలుపుతూ, ఆగు ఆగు, ఆ ఫిల్టరు షూటింగ్‌లో ఉందని పేజీ చూపిస్తూనే ఉంది, నేను రోజూ పొద్దున దాంట్లో కాఫీయే తాగుతున్నాను, రెండేళ్ళ నుంచి నాకు తట్టలేదేంటి అన్నారు, గీతికకు పొలమారింది, సుహాస్ కంచంలోకి తలవంచి నవ్వాడు, తట్టి ఉంటే ఈపాటికి అది ఏ సెట్టులోనో సొట్టలు పడి ఉండేది, ముద్ద మింగరా, అన్నారు అత్తయ్యగారు కొడుకుతో, నా వైపు చూడలేదు, కాని నా కంచంలో ఇంకొంచెం పచ్చడి వేశారు, అడగకుండా, ఆవిడ చేతి గరిటె నా కంచం మీదికి ఎప్పుడో గాని రాదు, సరే సుధా, మా ఆయన గొంతు సవరించుకున్నారు, సుహాస్ వచ్చాడు కాబట్టి ఆ పేజీ సంగతి తేల్చేద్దాం, రేపట్నుంచి వాళ్ళ ఆఫీసుకి అప్పజెప్పేద్దామా, ఏమంటావు, నా నాలుక మీదికి మీ ఇష్టం వచ్చి కూర్చుంది, అలవాటైన పీట మీద కూర్చున్నట్టు, ఎంత సులువుగా వస్తుందో అది, ఏం జరిగినా, ఎంత తర్జనభర్జన పడినా చివరికి ఖాళీలో పడే ఒక్క ముక్క, మీ ఇష్టం, వెనక రాసినదేదీ పంపకుండా, ఇన్నాళ్ళూ అలా చేస్తున్నది సర్వరొక్కటే అనుకున్నాను, నేనూ చేస్తున్నాను, నాలో ఏ వరుస ముందు వాలుగీతలు పెట్టాలో నాకెవరూ చెప్పలేదు, అన్నిటి ముందూ నేనే పెట్టుకుంటూ వచ్చాను, తీయడానికీ నా చెయ్యి చాలు, వద్దండీ అన్నాను, పేజీ ఎవరికీ ఇవ్వను, నాకు ఇష్టం లేదు, అది నేనే చూసుకుంటాను, అంతే కాదు, ఇవాళ బయటపడ్డ మాటలు ఇకనుంచి బయటే ఉంటాయి, ప్రతి ఫొటో కింద, చివర నా పేరుతో, రేపు రష్మి అని ఒకమ్మాయి వస్తోంది, ఒక రైల్వే క్వార్టరు సర్దాలి, పొద్దునపూట నేను కింద గోడౌన్లో ఉంటాను, సుహాస్, ఆ పేజీ తాళాలూ గడియలూ సరిగ్గా ఉన్నాయో లేదో నువ్వు ఒకసారి చూసిపెట్టు, మంచం మాత్రం తిప్పకు, అన్నాను, మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది, కోపం కాదు, ఇంట్లో ఒక కొత్త కిటికీ కనిపించినట్టు చూస్తున్నారు, ఇష్టం లేదని ముందే చెప్పొచ్చుగా సుధా అన్నారు మెల్లగా, ఇప్పుడు చెప్పానుగా అన్నాను, సుహాస్ చూస్తాను వదినా, ఇంకో రెండు వంకాయలు వేస్తే అన్నాడు, అత్తయ్యగారు నీళ్ళు తాగి గ్లాసు పెట్టి, అయితే నా ఫిల్టరు సంగతి కూడా అందరికీ కనపడాలా అన్నారు, ఆ ఒక్క వరుసా లోపలే ఉంటుంది అత్తయ్యా అన్నాను, ఊ అన్నారు, కాసేపు అన్నం కలుపుకున్నారు, రేపట్నుంచి మిక్సీ హాల్లో పెట్టరా అన్నారు కొడుకుతో, ఆ గడుసు డబ్బాని మాత్రం ఇక ఎవరూ ముట్టుకోకండి, పచ్చడిలో ఉప్పు ఎలా ఉంది అమ్మాయ్, నిజం చెప్పు, అన్నారు, అర చిటికెడు తక్కువైంది అత్తయ్యా అన్నాను.